తొమ్మిది వందల లోపు

ఆ ఉదయం మబ్బులు ఒకచోట నిలబడలేదు. పడమటి నుంచి తూర్పుకు ఒకదాన్నొకటి తరుముకుంటూ, ఒక్క చినుకైనా రాల్చకుండా మంగంపేట ముగ్గురాయి గనులు దాటి పోతున్నాయి.

ముగ్గురాయి లారీలు తూచే మిల్లు కాటా మీద ఎర్ర కారు నిలబడి ఉంది. లారీల వరుస మొదలుకాక ముందే తూచుకుని పొమ్మని గుమాస్తా రామసుబ్బయ్య రోజూ గొణుగుతూనే ఒప్పుకుంటున్నాడు.

"తొమ్మిది వందల ఎనభై!" అని కిటికీలోంచి అరిచాడు.

వసంతకుమార్ తల పట్టుకున్నాడు. రోడ్డు పక్కన మెకానిక్ షెడ్డు అతనిది. ఇద్దరు మాత్రమే పట్టే ఆ స్పోర్ట్స్ కారును బెంగళూరులో పాత ఇనుము కింద కొని, ఏడాది కష్టపడి నడిపించాడు. ఆదివారం మద్రాసు పక్కనున్న రేసు ట్రాక్ మీద దాన్ని తోలాలి. తొమ్మిది వందల కిలోల లోపు ఉంటేనే దిగనిస్తారు.

మూడు వారాలుగా ఊడదీస్తూనే ఉన్నాడు. ఎడమ సీటు పోయింది. ఏసీ, స్టెప్నీ, కింద పరుపు, పాటల పెట్టె పోయాయి. వెనక అద్దం తీసి ప్లాస్టిక్ రేకు బిగించాడు. షెడ్డులో సామాను గుట్ట పెరిగిందే గానీ కాటా దిగిరాలేదు.

"తిండి మానేకొద్దీ లావెక్కే మా సుందరలక్ష్మత్త మాదిరి ఉండాదిరా నీ కారు," అన్నాడు నాగచైతన్య. వసంతకుమార్ స్నేహితుడు, టైర్ల అంగడి వాళ్లబ్బాయి. కడపలో, కోడూరులో ఈ రేసు ఫ్లెక్సీలు కట్టించింది అతనే. "తలుపుల్లో అడ్డకమ్మీలు ఉండాయి గదా, ఆడ మొదలుపెట్టి కోసుకుంటా పోదాం."

పక్కనే నిలబడిన వసంతకుమార్ తండ్రి ఆనందం భుజం మీది తువ్వాలు సవరించుకున్నాడు.

"ఆ కమ్మీలు ఎందుకు పెట్టినారప్పా?"

"పక్కనుంచి ఏదన్నా గుద్దితే లోపలి మనిషికి తగలకుండా, మామా. ట్రాక్ మీద ఎవరు గుద్దుతారు?"

వసంతకుమార్ తలుపు తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు. "రేపు చూద్దాంలే," అన్నాడు.

ఆనందానికి ఆ పగలంతా కాలు నిలవలేదు. ఇరవై ఎనిమిదేళ్లు గనుల్లో టిప్పర్ తోలిన మనిషి. నిండు లారీ నేలను పట్టుకుంటుంది. ఖాళీ లారీయే గుంతలో ఎగిరి, మలుపులో పల్టీ కొడుతుంది. తనతో తోలిన ప్రేమయ్య పోయింది ఖాళీ లారీలోనే. ఆ మాట మొదటి రోజే కొడుకుతో చెప్పాడు.

"అది లారీ నాయనా, ఇది కారు," అని నవ్వేశాడు వసంతకుమార్. పోయినేడు ఎవరి కారులోనో ఒకసారి ఆ ట్రాక్ మీద తిరిగొచ్చినవాడు. ఎట్లుండాదిరా అంటే "శానా బాగుండాది" అని తలెత్తకుండా ఒక్కమాట చెప్పి నీళ్లు పోసుకోను పోయినవాడు.

అందుకే ఆనందం నోరు మూసుకుని చేతులకు పని చెప్పాడు. మిల్లు నేల మీద రాలిన ముగ్గురాయి పొడిని సాయంత్రం టిఫిన్ క్యారియర్‌లో తెచ్చేవాడు. పిడికెడైనా ఇనుమంత బరువు. చిన్న గుడ్డసంచిలో కుట్టి, తెల్లారకముందే సీటు వెనక బోలులోకి తోసి, రబ్బరు మూత బిగించేవాడు. ఇప్పటికి పన్నెండు సంచులు. కాటా ఎక్కువ చూపేదంతా వాటిదేనని అతని లెక్క.

కొడుకును కాపాడబోయి, వాడి పక్కనున్న కమ్మీలకే రంపం తెచ్చాడు.

"ఏమయ్యా, వాకిలి అరిగిపోతాది. కూర్చోగూడదూ?" అంది భార్య విశ్వాసమ్మ.

"కూర్చుంటే ఊపిరాడల్యా."

రేసుకు పోతే పోనీ, ఆ కమ్మీలతోనే పోనీ అనుకున్నాడు చివరికి.

మర్నాడు కోడి కూయకముందే షెడ్డులోకి పోయి సంచులు ఒక్కొక్కటే బయటికి లాగాడు. పన్నెండోదాని కోసం చేయి భుజం దాకా లోపలికి పోనిచ్చాడు. వేళ్లతో ఇంకాస్త లోపలికి తడిమాడు. తర్వాత మూత మళ్లీ బిగించి, సంచులు గంపకెత్తుకుని ఇంటికి నడిచాడు.

కాటా దగ్గర రామసుబ్బయ్య కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "తొమ్మిది వందల యాభై!"

"ముప్పై దిగిందిరా!" నాగచైతన్య ఎగిరి గంతేశాడు. "రంపం తీసుకురా!"

ఆనందం కిటికీ వైపు చూడలేదు. కొడుకు మొహమే చూస్తున్నాడు.

"కమ్మీలు కోస్తే పది కిలోలు రావు," అన్నాడు వసంతకుమార్. "యాభై యాడ నుంచి తేవల్ల? ఇడ్సిపెట్టు చైతన్యా. ఈ యేడు పోయేది లేదు."

"ఊరూరా ఫ్లెక్సీలు కట్టిస్తినే!"

"దాంట్లో నా బొమ్మ కంటే నీ బొమ్మే పెద్దదిగా ఉండాది. నువ్వే పో."

నాగచైతన్య టైరును ఒక్క తన్ను తన్ని, బండెక్కి వెళ్లిపోయాడు.

"శానా కష్టపడితి నాయనా," అన్నాడు వసంతకుమార్, నేలకేసి చూస్తూ.

"పడితివి లేరా," అన్నాడు ఆనందం. "పా, అమ్మ సంగటి చేసింటాది."

విశ్వాసమ్మ కళ్లు మూసుకుని రెండు మాటలు ప్రార్థన చేసి, సంగటి ముద్దలు, ఊరిబిండి వడ్డించింది. వసంతకుమార్ రెండో ముద్ద పెట్టించుకున్నాడు. ఆనందం గిన్నె కొడుకు వైపు జరిపాడు.

తెల్లవారుజామున ఆ బోలులో పన్నెండో సంచి వెనక ఆనందం వేళ్లకు తగిలినవి అడుగు రేకుకు కదలకుండా అతికించిన ఇనుప దిమ్మలు; ఆ ఇంట్లో వెల్డింగు వచ్చింది వసంతకుమార్ ఒక్కడికే.