పుట్టింటి చీర

"పట్టు చీర అక్కకి. సిల్కు చీర నీకు," అన్నాడు హరిబాబు, రెండు కవర్లూ మంచం మీద పెడుతూ. కడియం నుంచి మొక్కల లారీతో మైసూరు వెళ్ళి, అప్పుడే ఇంట్లో అడుగుపెట్టాడు.

అతని భార్య సూర్యకళ కవర్లు విప్పింది. ఆడబిడ్డకు తెచ్చింది మెరూన్ రంగు చీర. జానెడు జరీ అంచుతో ధగధగలాడుతోంది. తనదేమో ఆకుపచ్చది. చేతిలోంచి జారిపోయేంత పల్చన, అంచు వేలెడు. ఒళ్ళు మండిపోయింది.

"మీ అక్కగారికి పట్టు, కట్టుకున్నదానికి సిల్కూనా? ఈ సిల్కు చీరలు మన వీధిలో సైకిలు మీద తెచ్చి అమ్ముతారండి. దీనికి మైసూరు దాకా వెళ్ళాలా?"

"అక్క కొత్తింట్లోకి వెళ్తోంది. పుట్టింటి చీర ఆమాత్రం ఉండొద్దా?"

"ఆవిడ ఆ అంచేసుకుని నలుగురిలో తిరుగుతుంటే నేను పక్కన పనిమనిషిలా నిలబడాలి. అంతేగా?"

"చెప్పేది విను..."

"వినను. పట్టు నాది. సిల్కు వదినగారికి నేనే పెడతాను."

హరిబాబు తువ్వాలు తీసుకుని నూతి దగ్గరికి వెళ్ళిపోయాడు.

కొవ్వూరులో గృహప్రవేశం నాడు సూర్యకళ వదిన వీరదుర్గకు బొట్టు పెట్టి, ఆకుపచ్చ చీర చేతికిచ్చింది. వీరదుర్గ దాన్ని చెంపకు ఆనించుకుని మురిసిపోయి, వెంటనే కట్టుకుని వచ్చింది. సిల్కుకే ఇంత సంబరమా అనుకుంది సూర్యకళ. వీడియో లైటు ఎటు తిరిగితే అటు, తన జరీ అంచు సర్దుకుంటూ నిలబడింది.

భోజనాల దగ్గర, బెంగుళూరు నుంచి వచ్చిన పిన్నిగారు వీరదుర్గ కొంగు పట్టుకుని వదల్లేదు.

"అసలైన మైసూర్ సిల్కు. అక్కడ సిల్కంటే మన పట్టేనమ్మా. ఎన్నేళ్ళు కట్టినా ఇలాగే ఉంటుంది." తర్వాత సూర్యకళ అంచు తడిమి చూసింది. "ఇది ఆర్ట్ పట్టు. పట్టు పేరులోనే, పోగులో ఉండదు."

సూర్యకళ విస్తరి ముందు నుంచి లేచి, పెరట్లో చెయ్యి కడుక్కుంటున్న భర్త దగ్గరికి వెళ్ళింది.

"తెలిసి కూడా నోరెత్తలేదేంటండి? నాకని కొన్న చీర ఇప్పుడు ఆవిడ ఒంటి మీద ఉంది."

హరిబాబు చెయ్యి తుడుచుకున్నాడు. గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్ళను పలకరిస్తున్న అక్కను కాసేపు చూశాడు.

"అది మొదటినుంచీ అక్క కోసం కొన్నదే. నీకని చెప్తే తప్ప, నీ చేత్తో ఆవిడకి పెట్టవని అలా అన్నాను."