కొండ కింద కంప్యూటర్ జాతకం

ఇలా దగ్గరకు జరిగి కూర్చోండి, అంత దూరాన కూర్చుంటే సగం మాటలు గాలికి పోతాయి. ఎనభై తొమ్మిదో సంవత్సరం, శివరాత్రి ఇంకా రెండు రోజులుందనగా, నరసరావుపేటలో రేడియోలు బాగుచేసే మహబూబ్ కొట్టు ముందు రిక్షా ఆగింది. ఒళ్లో కంప్యూటర్ పెట్టెతో అమరేశ్వరరావు దిగాడు. కోటప్పకొండ తిరునాళ్లలో పాక వేసి కంప్యూటర్ జాతకాలు తీస్తున్నది ఆయనే. ఆ పెట్టె బిగించి ఇచ్చింది మహబూబ్.

"ఇది కంప్యూటరా, తిరగలా?" అంటూ దాన్ని బల్ల మీద పెట్టాడు. "ఒక్క జాతకానికి పావుగంట! ఎదురు పాకలో రాఘవయ్య మద్రాసులో బిగించుకొచ్చిన పెట్టె నిమిషంలో తీసి చేతిలో పెడతంది."

"జనం రావట్లేదా రావు గారూ?"

"రాకేం! నా పాక ముందు బారెడు వరస. వాడి పాక ముందు ఒక్క పురుగు లేదు. ఎందుకనుకున్నావు? వచ్చినోణ్ణి వచ్చినట్టే పంపించేస్తన్నాడు!"

మహబూబ్‌కూ అది నిజమేననిపించింది.

"రెండింట్లో చిప్పు ఒకటేనంటివి గదయ్యా. మరి నాదానికెందుకీ నత్తనడక?"

"చిప్పు ఒకటేనండీ. అది కూర్చునే మదర్ బోర్డు వేరు. మీరేగా, ఏదో ఒకటి వెయ్యమన్నది."

"బోర్డులో ఏముందయ్యా? అది ఉత్త పలక!"

పరదా వెనక నుంచి మహబూబ్ భార్య జాహెదా అందుకుంది. "వండేది నేనే గదన్నా. మా పుట్టింటి పొయ్యి మీదైతే గంటలో దించుతా. ఈ ఇంట్లో పొయ్యి మీద పూట పడుద్ది. చెయ్యి అదే, పొయ్యి వేరు."

పొయ్యి సంగతి మహబూబ్ వినిపించుకోలేదు. అమరేశ్వరరావుకూ పొయ్యితో పని లేదు.

"రేపటికల్లా ఇది రాఘవయ్య దానికంటే జోరుగా నడవాల. లేదంటే పండగనాడు మైకులో నీ పేరు చెప్పి, నీ కొట్టు గుర్తులు చెప్పి మరీ తిడతా. పల్నాడంతా వింటది."

శివరాత్రికి పల్నాడంతా ఆ కొండ కిందే ఉంటుంది. ఆ తిట్టు విన్నాక మహబూబ్ కొట్టుకు టార్చిలైటు కూడా బాగుకు రాదు. తనకంటూ ఒక కంప్యూటర్ బిగించుకుందామని మద్రాసు నుంచి తెచ్చి గుడ్డలో చుట్టి దాచుకున్న మంచి బోర్డు ఒకటి ఉంది అతని దగ్గర. దాన్ని బయటికి తీశాడు. తను అమ్మే ప్రతి బోర్డు మూలా ఆకుపచ్చ రంగు చుక్క పెట్టడం అతని అలవాటు, రేపు ఎవరన్నా తిరిగి తెస్తే తన సరుకేనని తెలియడానికి. దీనికీ ఒక చుక్క పెట్టి, పాతది ఊడదీసి, కొత్తది బిగించాడు. జాతకం పావు నిమిషంలో బయటపడింది. అమరేశ్వరరావు నవ్వుకుంటూ మళ్లీ రిక్షా ఎక్కాడు.

సాయంత్రం బల్ల సర్దుతుంటే పాత బోర్డు కనిపించలేదు.

"ఏమే, ఇక్కడుండాల్సిన బోర్డేది?"

"తిరునాళ్ల నుంచి ఎవరో వచ్చి అడిగితే ఇచ్చేశా. మీరు దాన్ని తిడతానే ఉన్నారుగా."

"పోన్లే, పీడ వదిలింది."

శివరాత్రి నాడు తన పనితనం కళ్లారా చూసుకుందామని మహబూబ్ కొండకు వెళ్లాడు. వరసలో ముందుంది మాచవరం కొండమ్మ, చంకలో మనవడు. పిల్లాడు పుట్టిన ఘడియ చెప్పింది. అమరేశ్వరరావు మీటలు నొక్కాడు. గిర్రుమని కాగితం వచ్చింది.

"అయిపోయిందా?" అంది కొండమ్మ.

"అయిపోయింది తల్లీ. పావు నిమిషం!"

కొండమ్మ కాగితాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది. "పిల్లోడి నూరేళ్ల బతుకు పావు నిమిషంలో చూసిందా? మా ఊరి అయ్యవారు వంకాయలు ఏరుకునేదానికి ఇంతకంటే సేపు ఆలోచిస్తాడు. మొన్న మా చెల్లెలికి ఈ పాకలోనే పావుగంట ఆలోచించి చెప్పిందంట. ఇయ్యాల దీనికి పనిమీద ధ్యాస లేదు నాయనా."

కాగితం అక్కడే పెట్టి, పిల్లాణ్ణి రెండో చంకకు మార్చుకుని వెళ్లిపోయింది. వెనకున్నవాళ్లు ఆ మాట విన్నారు. ఒకరి వెనక ఒకరు దారి దాటి ఎదురు పాకకు నడిచారు.

మధ్యాహ్నానికి అమరేశ్వరరావు పాకలో ఆయన, మహబూబ్, మైకు మిగిలారు. ఆయన మైకు చేతిలోకి తీసుకుని, ఊది చూసుకున్నాడు.

"ఒక్క నిమిషం ఆగండి రావు గారూ," అని మహబూబ్ దారి దాటాడు.

రాఘవయ్య పాక ముందు వరస గాజుల కొట్ల దాకా ఉంది. ముందున్నవాళ్లు చేతులు కట్టుకుని నిలబడ్డారు. రాఘవయ్య నోటి మీద వేలు పెట్టుకుని, "మాట్లాడమాకండి, ఆలోచిస్తంది," అంటున్నాడు. పావుగంట గడిచాక కాగితం వచ్చింది. జనం దాన్ని కళ్లకద్దుకున్నారు. ఎండ మండిపోతోందని పెట్టె మూత తీసేసి, ఫ్యాను దాని వైపు తిప్పి పెట్టారు. మహబూబ్ జనాన్ని తోసుకుంటూ వెళ్లి పెట్టెలోకి తొంగిచూశాడు.

గుర్తుపెట్టుకుని మీరూ నలుగురికి చెప్పండి, మధ్యలో ఏం మరిచిపోయినా ఈ చివరి ముక్క మాత్రం వదలొద్దు: రాఘవయ్య పెట్టెలో ఉన్న బోర్డు మూల ఆకుపచ్చ చుక్క ఉంది.