లోపలి మేకు

పడవ దిగగానే ఆమె చూసింది సముద్రం వైపు కాదు, అడవి వైపూ కాదు. విడిది వరండాలో గోడకున్న చెక్క పలక వైపు.

పలక మీద రెండు వరసల మేకులు. పై వరస 'బయట'. కింది వరస 'లోపల'. అక్కడ దిగిన ప్రతి మనిషికీ, పనిచేసే ప్రతి మనిషికీ పేరు రాసిన ఒక చెక్క బిళ్ళ. ఇసుక దిబ్బ మీదికో మడ అడవిలోకో వెళ్ళేటప్పుడు బిళ్ళ పైన తగిలించాలి. తిరిగొచ్చాక కింద. పొద్దుగూకేసరికి పైన ఒక్క బిళ్ళ మిగిలినా పడవ వెతకడానికి బయల్దేరుతుంది. ఫోన్లు పలకని ఆ చోట మనిషి ప్రాణానికి అదొక్కటే పూచీ.

పోయినేడాది ఇదే రోజున తల్లీకూతుళ్ళిద్దరూ వచ్చారు. పిట్టల్ని చూసొస్తానని కూతురు దిబ్బ మీదికి వెళ్ళింది. తల్లి కంగారు తగ్గే మాత్ర వేసుకుని గదిలో పడుకుంది. లేచేసరికి దిబ్బ లేదు. పోటు నిండింది. కూతురి బిళ్ళ మాత్రం కింది వరసలో భద్రంగా ఉంది. అందుకే పడవ కదల్లేదు.

"రండమ్మా," అంటూ గైడు ఆమె సంచీ అందుకున్నాడు. అప్పట్లో అతను ఈ విడిదికి మేనేజరు. ఇప్పుడు సంచులు మోస్తున్నాడు. ఆ కుర్చీ ఊడగొట్టింది ఆమే. కనపడిన ప్రతివాడికీ ఒకటే మాట చెప్పింది. మనిషిని చూడకుండా బిళ్ళ కింద తగిలించాడని.

"చిక్కిపోయావేం బాబూ? తిండి సయించడం లేదా?"

"లేదమ్మా."

ఆ మాటకు ఆమె కడుపు చల్లబడింది. కొంచెమే.

ఆమెకు మొదట్నుంచీ భయం జాస్తి. ఇంట్లోంచి ఎవరు బయటికెళ్ళినా వాళ్ళ పాత చెప్పుల జత తెచ్చి గుమ్మం దగ్గర పెట్టేది, మనిషి ఇంట్లోనే ఉన్నట్టు. "ఆఫీసులో ఉన్నానో ఇంట్లో ఉన్నానో నాకే తెలియడం లేదే తల్లీ!" అని మొగుడు నవ్వేవాడు. "పీడకల కనాలంటే అమ్మకు నిద్ర కూడా అక్కర్లేదు నాన్నా," అనేది కూతురు.

ఇప్పుడా భయం లేదు. భయపడడానికి ఏం మిగిలింది గనక? ఆ ఖాళీలో పగ వచ్చి కూర్చుంది. ఏడాదిపాటు అన్నం కలిపినా, బట్టలు మడతపెట్టినా ఒకటే ఆలోచన. వాడికీ అలాగే జరగాలి. నీళ్ళ మధ్య నిలబడి, రాని పడవ కోసం వాడూ ఎదురుచూడాలి.

మధ్యాహ్నం ఆటు వేళ, మోకాళ్ళు పీకుతున్నా పంటి బిగువున ఆమె దిబ్బ దాకా నడిచింది. కూతురి ఫోటో ఒక రాయి కింద పెట్టింది. తిరిగొచ్చి తన బిళ్ళ కింద తగిలించింది. తర్వాత వరండాలో కూర్చుని నీళ్ళనే చూసింది. విడిదికీ దిబ్బకూ మధ్య ఎండిన పాయలో మెల్లగా తడి మెరిసింది. తడి కాస్తా ధార అయింది. అప్పుడు గైడును కేకేసింది.

"బాబూ, మా అమ్మాయి ఫోటో దిబ్బ మీద మర్చిపోయాను. నా దగ్గరున్నది అదొక్కటే."

ఇంట్లో ఆల్బమ్ నిండా ఉన్నాయి.

గైడు పాయ వైపు చూశాడు. "పోటు మొదలైందమ్మా. వెళ్ళడమైతే వెళ్తాను. నడిచి తిరిగి రాలేను."

"పోనీలే. పిల్లనే పోగొట్టావు. ఫోటో ఒక లెక్కా?"

అతని మొహం పాలిపోయింది. తన బిళ్ళ తీసి పై వరసలో తగిలించాడు. మెట్లు దిగబోతూ ఆగాడు.

"ఆ బిళ్ళ నేను ముట్టుకోలేదనే మొదట్లో అనుకున్నానమ్మా. మీరు అన్నిసార్లు అన్నాక... నేనే తగిలించానేమో. ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. అయినా బిళ్ళ దానంతటది నడిచి రాదు కదా."

"రాదు," అంది ఆమె.

"వస్తానమ్మా. ఆలస్యమైతే పడవ వస్తుందిలెండి. బిళ్ళ పైనే ఉందిగా."

మోకాలి లోతు నీళ్ళు దాటుతూ వెళ్ళాడు. దిబ్బ మీద చిన్న మచ్చలా కనపడ్డాడు. వంగాడు. చేత్తో ఏదో ఎత్తి పట్టుకుని ఆమెకు చూపించాడు. దొరికిందని కాబోలు. అతని వెనకాల పాయ నిండిపోయింది. ఆ సుడుల్లో ఈది బతికినవాడు లేడు.

పొద్దు వాలింది. దిబ్బ మసకబారింది. ఆమె లేచి పలక దగ్గరికి వెళ్ళింది. గైడు బిళ్ళ పై మేకు నుంచి తీసి, కింది మేకుకు తగిలించి వచ్చి కూర్చుంది. గుండె కొంచెం కూడా దడదడలాడలేదు.

పడవ నడిపేవాడు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఏం పెద్దమ్మా, అందరూ లోపలికి వచ్చేసినట్టేనా?"

"నన్నడుగుతావేం నాయనా? పలక ఉందిగా, చూసుకో."

వాడు చూశాడు. పై వరస బోసిగా ఉంది. పడవను గుంజకు రెండు ముళ్ళేసి కట్టేసి, ఈల వేసుకుంటూ వంటింటి వైపు వెళ్ళిపోయాడు.

దూరంగా ఎవరో పిలిచినట్టయింది. గాలేమో. ఆమె ఒళ్ళో ఉన్న తన కుడిచేతి వైపు చూసుకుంది.

పోయినేడాది, మాత్ర వేసుకుని పడుకోబోయే ముందు, కూతురి బిళ్ళ ఒక్కటే 'బయట' వేలాడుతుంటే చూడలేక, తీసి 'లోపల' తగిలించింది కూడా ఈ చెయ్యే.