వరహాలమ్మ మడిలో నీళ్లు

“నీళ్లు తీసెయ్ పెద్దమ్మా. రేపు అనిత మేడం గారొస్తున్నారు.”

సత్యదుర్గారావు ఈ మాట చెప్పడం ఇది నాలుగోసారి. వరహాలమ్మ మడిలో వంగి ఒంటరిగా కలుపు తీస్తోంది. తలెత్తలేదు.

“నా మడి, నా నీళ్లు. నీకెందుకురా?”

ఎందుకో ఆమెకూ తెలుసు. ముక్తేశ్వరం అవతల ఆ ఊరి ఆయకట్టులో అరవై ఎకరాలకు ఈ దాళ్వాలో, అంటే రెండో పంటకు, కొత్త పద్ధతి పెట్టారు. నీళ్లు అదేపనిగా నిలబెట్టకుండా, మడిని ఆరనిచ్చి మళ్లీ తడపడం. నీళ్లు నిలిచిన బురదలోంచి మీథేన్ అనే వాయువు పుట్టి వాతావరణాన్ని వేడెక్కిస్తుందట. అది ఎంత తగ్గిందో ఇన్నాళ్లూ ఆఫీసుల్లో కూర్చుని అంచనా కట్టేవారు. ఈసారి మళ్లలోనే కొలుస్తున్నారు. ప్రాజెక్టు తరఫున కొలతలు తీసే అనిత వారానికోసారి వచ్చి, ఆరు మళ్లలో గాజులాంటి పెట్టెలు బోర్లించి, లోపలి గాలిని సిరంజితో లాగి సీసాల్లో పట్టుకెళ్తోంది.

తగ్గినట్టు రుజువైతే మురుగు కాలువ తవ్విస్తామని ప్రాజెక్టు వాళ్లు మాటిచ్చారు. ఆ కాలువ పూడిపోయి మూడేళ్లుగా వానాకాలపు సార్వా పంట మునుగుతోంది. కిందటేడు సత్యదుర్గారావు కోసిన పనలు నీళ్లలోనే మొలకెత్తాయి. ఇంటింటికీ తిరిగి రైతుల్ని కూడగట్టింది అతనే.

మాట విననిది ఒక్క వరహాలమ్మే. ఆరు పెట్టెల్లో ఒకటి ఆమె ఎకరంలోనే ఉంది.

నాట్ల నాటి నుంచి ఊళ్లో ఆమెతో ఎవరూ సరిగా మాట్లాడటం లేదు. కూలికి పిలిచినా ఎవరూ రావడం లేదు.

ఆ సాయంత్రం రైసుమిల్లు అరుగు మీద తోటి రైతు బుచ్చిరాజు గొంతు పెంచాడు.

“అయిదు మళ్లు తగ్గించినా ఆ ఒక్క మడీ మన లెక్క పైకి లాగేస్తుందండీ. అందరి కొంపా ముంచుతుందావిడ.”

“మేడం గారితో ఓసారి చెప్పి చూద్దామండీ,” అన్నాడు సత్యదుర్గారావు.

“చెప్పేం కదండీ. ‘మీ పని మీరు చూసుకోండి, ఆవిణ్ని వదిలెయ్యండి’ అన్నారు. మెత్తటి మనిషి. మీ పెద్దమ్మ గారని మేమూ ఇన్నాళ్లు ఊరుకున్నాం. రేపు మేడం గారొచ్చేలోగా మీరు తియ్యకపోతే మేమే తీస్తాం.”

సత్యదుర్గారావు అరుగు దిగాడు. పదిమంది చేతుల్లో పెద్దమ్మ అవమానపడటం కంటే తనే ఆ పని చెయ్యడం నయమనుకున్నాడు.

మర్నాడు పార భుజాన వేసుకుని చేనుకు వెళ్లాడు. పారను చూడగానే వరహాలమ్మ పరుగున వెళ్లి, గట్టులో నీళ్లు వదిలే మడవకు అడ్డంగా నిలబడింది.

“వద్దురా దుర్గారావూ. ఆ మేడం గార్ని అడిగి తియ్యి.”

ఫోన్ చేశాడు. కలవలేదు. మళ్లీ చేశాడు. కలవలేదు. రోడ్డు మీద బుచ్చిరాజు, మరో నలుగురు మోటారు సైకిళ్లు ఆపి చూస్తున్నారు.

“ఎందుకు పెద్దమ్మా ఇంత మొండితనం? ఊరు మునిగిపోయినా నీకు పర్లేదా?”

ఆమె పెదవులు కదిలాయి. రోడ్డు మీది మనుషుల వంక చూసి ఆగిపోయింది.

“ఆవిడొచ్చేదాకా ఆగరా. ఎంతసేపని? నీ మంచికే చెబుతున్నా.”

అతను ఆమె చెయ్యి పట్టుకుని పక్కకు జరిపాడు. తండ్రి పోయిన ఏడాది తనకు అన్నం కలిపి పెట్టిన చెయ్యి అది. కళ్లు మూసుకుని పార దించాడు.

మడవ తెగింది. నీళ్లు బుడబుడమంటూ కాలువలోకి దూకాయి. వరహాలమ్మ మోకాళ్ల మీద కూలబడి రెండు చేతులతో బురద ఎత్తి గండిలో కూరింది. నీళ్లు దాన్నీ ఈడ్చుకుపోయాయి. అతను రెండో వైపు ఇంకో గండి కొట్టాడు. ఇంకోటి. ఆమె అటూ ఇటూ పాకి, చివరికి గట్టు మీద చతికిలపడింది.

రెండు గంటలు గడిచేసరికి మడి నిండా బురద తేలింది.

పదకొండింటికి అనిత వచ్చింది. బుచ్చిరాజు ఎదురెళ్లాడు.

“ఆయ్, అంతా ఆరబెట్టేసేం మేడం. ఒక్క మడిలో కూడా నీళ్లు లేవండీ.”

అనిత చేతిలోని సీసాల పెట్టెను గట్టు మీద పెట్టేసింది. వరహాలమ్మ దగ్గరికి వెళ్లి బురద చేతుల్ని పట్టుకుంది. తర్వాత ఇటు తిరిగింది.

“ఎవరు తీశారు?”

“నేనేనండీ,” అన్నాడు సత్యదుర్గారావు.

“అయితే మురుగు కాలువ సంగతి మర్చిపోండి. ఈ పంటకు మీ లెక్క లేనట్టే.”

“అదేంటండీ! అందరం తగ్గించేం కదా?” అన్నాడు బుచ్చిరాజు.

“మీ మళ్లన్నిటినీ పోల్చి చూడ్డానికి పాత పద్ధతిలోనే నీళ్లు నిలపమని, ఎవరూ చెయ్యి పెట్టకుండా ఆ సంగతి కడుపులో దాచుకోమని, నాట్లకు ముందే నేను బతిమాలి ఒప్పించిన మడి ఇదొక్కటేనండీ.”