టైరు చెప్పులు

ఆత్మకూరు టీ కొట్టు ముందు ట్రాక్టరు ఆగీ ఆగకముందే ఓ ముసలాయన గబగబా వచ్చి, వెనకున్న ట్రాలీ చక్రం పట్టుకున్నాడు.

"ఏం పెద్దాయనా, మా చక్రం మీద అంత ప్రేమేంది?" ఓబుళేశు కిందికి దూకాడు.

"లోపల బేరింగు ఏడుస్తాండాదప్పా. సందు మలుపులోనే ఇనపడినాది."

ఓబుళేశు నవ్వాపుకుని, ట్రాక్టరు తోలే బామ్మర్ది ప్రవీణ్ చెవిలో ఊదాడు.

"రోడ్డు మీద బండ్లాపి, అది కారుతాండాది, ఇది ఊడుతాండాది అని దుడ్లు గుంజే బాపతు. పాపం, ఈ పొద్దు నా చేతికి దొరికినాడు."

ఓబుళేశును ఆటపట్టించే మొనగాడు వాళ్ల ఊరు ఓర్వకల్లులో ఇంకా పుట్టలేదు మరి.

అది మామూలు ట్రాలీ కాదు. చక్రాల మీద ఇల్లు. రేకుల కప్పు, రెండు మంచాలు, గ్యాసు పొయ్యి. ఎడమ మంచానికి సరిగ్గా దిండు ఎత్తులో బుల్లి కిటికీ.

వారం కిందట కర్నూలులో ఓ దళారి దగ్గర కొన్నాడు. పక్కలకు కొత్త రంగు ఇంకా వాసన వేస్తూనే ఉంది.

అత్త గురమ్మకు బస్సు పడదు. ఎక్కితే వాంతులు, దిగితే సొమ్మసిల్లడం. డెబ్బై ఏళ్లొచ్చినా శ్రీశైలం చూడలేదు. "నేను చూపిస్తా" అని అల్లుడు ఊరంతా చాటాడు.

తెల్లవారకముందే బయల్దేరారు. ఆ సంబరంలో టెంకాయ నేల మీద కాకుండా చక్రం నడిబొడ్డున కొట్టాడు. టెంకాయ పగలడంతో పాటు అక్కడి మూత కూడా సొట్టపోయి ఊడింది. పసుపు గుడ్డ చుట్టి మళ్లీ దిగ్గొట్టాడు.

"నా మాట వద్దు. నువ్వే ముట్టి చూడు నాయనా," అన్నాడు ముసలాయన.

ఓబుళేశు దర్జాగా మూత మీద అరచెయ్యి ఆనించాడు.

"అబ్బబ్బబ్బా!"

కిటికీలోంచి గురమ్మ తల బయటికొచ్చింది. "ఏమైంది అల్లుడా?"

"ఏం లేదత్తా. దోసె పెనం ముట్టినా."

"దోర్నాల దాటితే ఘాటు రోడ్డు తల్లీ. మలుపులో చక్రం ఊడితే అందరూ లోయలోనే," అన్నాడు ముసలాయన.

"చేయించు అల్లుడా. నేను కొండ చూడనీకి వచ్చినా, లోయ చూడనీకి కాదు!"

ముసలాయన ఎదురుగా ఉన్న తన ఇంట్లోంచి పనిముట్ల సంచి తెచ్చాడు. జాకీ ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపాడు. టక్, టక్.

"ఇన్నావా? వదులు."

చక్రం ఊడదీశాడు. లోపల మట్టి, ఎండిన గ్రీజు, వాటి మధ్య తెల్లగా ముక్కలు.

"ఎవురప్పా ఈడ టెంకాయ చెట్నీ రుబ్బినోళ్లు?"

టీ కొట్టంతా గొల్లున నవ్వింది. ప్రవీణ్ అయితే స్టీరింగు మీద పడి నవ్వాడు.

ఓబుళేశుకు రోషం పొడుచుకొచ్చింది. ముసలాయన టైరు చెప్పులు విడిచి బండి కిందికి దూరగానే, వాటిని ట్రాలీ కప్పు మీదికి విసిరేశాడు.

"దేవులాడుకుంటాడు చూడు, సినిమా మాదిరి ఉంటాది," అని కన్ను గీటాడు.

ముసలాయన బేరింగును కిరసనాయిలులో కడిగి, ఎండకు పెట్టి చూశాడు.

"అరగలేదు. బతికిపోయినారు."

అరచేతి నిండా కొత్త గ్రీజు తీసుకుని, అవతలి పక్క ఉబికేదాకా బేరింగులోకి ఒత్తుతూ అడిగాడు.

"ఆ కిటికీలోంచి గాలి బాగ వస్తాదా తల్లీ?"

"శానా బాగ వస్తాదన్నా. పండుకొనే దోవంతా చూస్తాండా!"

ముసలాయన ముఖం వెలిగిపోయింది.

"మా ఇంటామెకు గూడా బస్సు పడేది కాదు."

"అయితే కొండకు ఎట్ల తీసకపోయినావన్నా?"

ఆయన నట్టు మీదికి వంగాడు. "బిగించినాక రవ్వంత వదలాల నాయనా. మరీ బిగిస్తే కాలిపోతాది."

కొత్త పిన్ను దూర్చి మడిచాడు. మూత సరిచేసి కొట్టాడు. ఎవరూ అడగకుండానే రెండో చక్రం కూడా విప్పి చేశాడు.

"బసవన్నా, నీ టీ సల్లారిపోతాండాది!" కొట్టాయన కేకేశాడు.

ఓబుళేశు ఐదు వందల నోటు తీశాడు.

"దుడ్లొద్దప్పా. లోపల ఒక్క నిమిషం కూసొని దిగుతా."

అంతలో వెనక బస్సు డ్రైవరు హారను మీద చెయ్యి తియ్యకుండా మోగించాడు.

"చీకటైతే అడవి గేటు మూస్తారు బావా!" ప్రవీణ్ ట్రాక్టరు ఉరికించాడు.

"వచ్చేటప్పుడు కూసుందువులే పెద్దాయనా!" ఓబుళేశు ఎగిరి ఎక్కాడు.

మిట్టమధ్యాహ్నపు తారురోడ్డు మీద ముసలాయన ఒక కాలు ఎత్తి, ఇంకో కాలు దించుతూ చెయ్యి ఊపుతున్నాడు.

"చూడత్తా, మనకంటే ఆయనకే సంబరం. గంతులేస్తాండాడు!"

దోర్నాలలో ముట్టి చూశాడు. చక్రం కుండలో నీళ్లంత చల్లగా ఉంది. ఘాటు మొదట్లో చూశాడు, నడిమలుపులో చూశాడు. అదే చల్లదనం.

పొద్దు వాలేసరికి శిఖరం చేరారు.

"కనపడినాది! అల్లుడా, గోపురం కనపడినాది!" గురమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

ఇంకా బాగా చూద్దామని ఓబుళేశు ఈలేసుకుంటూ ట్రాలీ కప్పు మీదికి ఎగబాకాడు.

అక్కడ అంచు కడ్డీకి ఆనుకుని టైరు చెప్పులు ఉన్నాయి.

ఈల ఆగిపోయింది.

వంగి చెప్పులు ఎత్తాడు. కింద దుమ్ములో ఏవో అక్షరాలు. భుజం మీది తువ్వాలుతో తుడిచాడు.

దళారి రంగు తగలని ఆ రేకు మీద నీలంగా మిగిలి ఉంది: "లక్ష్మక్క శ్రీశైలం పోయే బండి. చేసినవాడు ఆమె మొగుడు, ఆత్మకూరు బసవన్న."