మూడో కిట్టు

“ఇవాళ మూడోది ఎన్ని తప్పిందమ్మా?”

పేగు ముక్కల ట్రే బల్ల మీద పెడుతూ అడిగాడు అటెండరు. డాక్టరమ్మ తలెత్తలేదు. పది రోజులుగా ఇదే ప్రశ్న. మొదటి కిట్టు గురించి అడగడు, రెండోదాని ఊసెత్తడు.

పందుల్లో పేగు జబ్బును రక్తపరీక్షతో పట్టేస్తామని మూడు కంపెనీలు ఇప్పటికే బజారులో ఉన్న తమ కిట్లు పంపాయి. ఏది నమ్మదగ్గదో తేల్చడం ఆమె పని. అరవై పందుల రక్తం తీశారు. సగం జబ్బు పడ్డ మందవి, సగం ఆ జబ్బు పొడే ఎరగని మందవి. రక్తంలో జబ్బుతో పోరాడిన గుర్తులుంటే ప్లేటు గుంటలో నీళ్లు పచ్చబడతాయి. అది నిజమో కాదో కోసిన పేగు చెబుతుంది. ఆ కోసే పని అటెండరుది. చేరి ఆరు నెలలే అయినా అతని చెయ్యి తడబడదు, ముఖం మారదు. మనిషి రాయిలా ఉంటాడు.

“రెండు,” అంది ఆమె.

అతను జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. మెట్ల దగ్గరికి వెళ్లి ఫోన్ చేసి, ఒక్క ముక్క చెప్పి పెట్టేశాడు.

ఆమెకు నిన్నటి సంగతి గుర్తొచ్చింది. మూడో కంపెనీ ఏజెంటు వచ్చి, “మా కిట్టు ఎలా ఉంది మేడమ్?” అని కూపీ లాగబోయాడు. ఆమె నోరు విప్పకపోయేసరికి, వెళ్తూ వెళ్తూ అటెండరు భుజం మీద చెయ్యేసి ఏదో అన్నాడు.

లెక్క తేలిన రోజు ఆమె అటెండరును గదిలోకి పిలిచి తలుపు వేసింది.

“కూర్చోండి. ఆ పుస్తకం ఇలా ఇవ్వండి.”

ఇచ్చాడు. పేజీకో తేదీ, పక్కన ఒక అంకె. అంతే.

“ఏజెంటుకి చేరవేస్తున్నారా?”

“లేదమ్మా. టీ ఎక్కడ దొరుకుతుందని అడిగాడాయన.”

“మరి రోజూ ఫోన్ ఎవరికి?”

“మా ఆవిడకి.”

“ఆవిడకెందుకండీ ఈ అంకెలు?”

అతను చేతి తొడుగులు మెల్లగా విప్పుకున్నాడు. “ఏడాదిగా నాతో మాట్లాడదమ్మా. ఫోన్ ఎత్తుతుంది, వింటుంది, పెట్టేస్తుంది. తప్పంతా నాదేనని ఆవిడ నమ్మకం.”

“ఏం తప్పు?”

అతను బల్ల మీది ప్లేటు వైపు చూశాడు. “మొత్తం ఎన్ని తేలాయమ్మా?”

ఎందుకో ఆమెకు దాచాలనిపించలేదు. “జబ్బు లేనివి ముప్పై. వాటిలో పద్నాలుగింటికి జబ్బుందని చెప్పింది. దీన్ని వాడొద్దని రాస్తున్నాను.”

అతను పుస్తకం తీసుకుని ఆ అంకె వేశాడు. సంతోషించలేదు, నిట్టూర్చలేదు. పెన్ను మూత పెట్టి లేచి నిలబడ్డాడు.

“నిరుడు ఈ కిట్టు మాట మీదే నా నాలుగు వందల పందుల్నీ చంపి పూడ్చేశారమ్మా.”