పెట్టెలో పన్నెండు మాటలు

నిద్రలో గుండె ఆగి పోయాడని అందరూ చెప్పుకున్న జీవరాజును తిరుమలగిరి సమాధుల తోటలో పూడ్చి నలభై రోజులైంది. ఇప్పుడు మళ్లీ తవ్వాలంటున్నాడు తమ్ముడు జెరెమియా.

జీవరాజు భార్య ప్రిసిల్లా చేతులు జోడించింది. "వద్దు జెరెమియా. మీ అన్నను నిమ్మళంగ పండుకోనీ."

"కోటి రూపాయలు వదినా! అండ్ల సగం నాది. కార్ఖానా ప్లాటు అమ్మి ఇచ్చిన. జెర సోచాయించు."

ఆ కోటి బీరువాలో లేదు, బ్యాంకులో లేదు. కంప్యూటర్లలో తిరిగే క్రిప్టో కాయిన్లు. ఖాతాలో ఎంతుందో ఎవరైనా ఫోనులో చూడొచ్చు. కదిలించాలంటే మాత్రం పన్నెండు మాటలు వరసగా కొట్టాలి. కొట్టిందెవరో లోకానికి తెలియదు. మాటలు పోతే డబ్బూ పోయినట్టే. మొరపెట్టుకుందామంటే మేనేజరంటూ ఎవడూ ఉండడు.

జీవరాజు వాటిని తన బైబిలు వెనక అట్ట లోపల రాసుకున్నాడు. తమ్ముడికి చెప్పాడు గానీ చూపలేదు. ఆ ఇంటి ఆనవాయితీ ప్రకారం ఆ బైబిలునే గుండెల మీద ఉంచి పెట్టె మూశారు. సంగతి జెరెమియాకు తట్టేసరికి నెల దాటింది.

ప్రిసిల్లా తిండి మానేసింది. కళ్లు మూస్తే గడ్డపార చప్పుడు. పాస్టరు కాళ్ల మీద పడింది. "పోయినాయన్ను కదిలిస్తే మాకు మంచిగుండదు అయ్యగారూ."

జెరెమియా వినలేదు. తహసీల్దారూ డాక్టరూ ఎదురుగా ఉండి తీయించాలన్న షరతు మీద అనుమతి కాగితం సంపాదించాడు.

శనివారం పొద్దున అందరూ సమాధి దగ్గర చేరారు. గడ్డపార రెండు పోట్లు పడింది. ఆత్రం ఆగక జెరెమియా ఫోనులో ఖాతా తెరిచాడు. మొహం పాలిపోయింది.

ఖాతాలో సున్నా. నిన్న సాయంత్రం ఎవరో మొత్తం ఊడ్చేశారు.

"మాటలు... అన్న ఛాతీ మీదనే ఉన్నయ్ గదా?" అంటూ ఫోను వదిన ముందుకు చాచాడు.

తవ్వే ముసలాయన గడ్డపార వదిలేశాడు. "మీ అన్న ఇయ్యనంటున్నడు సారూ. గిది నాతోని గాదు." వెనక్కి చూడకుండా గేటు దాటాడు.

"ఇగ తవ్వి ఏం ఫాయిదా" అన్నాడు జెరెమియా. డాక్టరు సంచి సర్దుకున్నాడు.

ప్రిసిల్లా సమాధి మీద పడి వెక్కి వెక్కి ఏడ్చింది.

పెట్టె మూయకముందే ఆ పన్నెండు మాటలూ తన ఫోనులోకి ఎక్కించుకున్న ఆమె, మొగుడి జుట్టు కింద తాను దించిన మేకు ఆ డాక్టరు కంట పడకూడదని, నిన్న సాయంత్రం తన చేత్తోనే ఆ కోటినీ ఎవరికీ చెందని ఖాతాకు పంపి గాలికి వదిలేసింది.